కల్లు మాని పోయినవాళ్లు

ఫిబ్రవరి 3, మంగళవారం

హర్షిత మేడం మళ్లీ వచ్చింది. ఈ దవాఖానలో చేరి ఏడాది కూడా కాలేదు. మిగతా డాక్టర్లకు వార్డులు కావాలి, ఈమెకు నా రికార్డు రూం కావాలి. ఈసారి పెద్ద కోరికే కోరింది. పదిహేనేళ్ల కేసుషీట్లు. చనిపోయినవాళ్లవి. అందులోనూ కల్లు బంద్ పెట్టినందుకు, అంటే తాగడం ఒక్కసారిగా మానేసినందుకు ప్రాణం పోయింది అని రాసి ఉన్నవి... ఒక్కటి కూడా వదలకుండా.

ఎందుకు మేడం అన్నాను. చూడాలి అరుణక్కా, ఏదో తేడాగా ఉంది అంది. చూసేది ఆమె, దుమ్ము తినేది నేను. పదిహేనేళ్లంటే నేను ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఉన్నవన్నీ. సరే అన్నాను. అనక చస్తానా.

ఫిబ్రవరి 4, బుధవారం

తుమ్ములు. ముక్కుకు చున్నీ కట్టుకుని బీరువాల్లో తల దూర్చడం — ఇంతే ఈ రోజు. ఏడాదికొక కట్ట, కట్టకొక తెల్ల నాడా. నేను కట్టిన కట్ట ఊడదని ఆఫీసులో పేరు. పని మీద విసుగున్నా ఆ పేరు మీద మాత్రం నాకు ప్రేమే.

సాయంత్రానికి పదిహేను కట్టలూ బల్ల మీద వరుసగా పెట్టాను. అప్పుడు చూశాను. మొదటి ఏళ్లవి సన్నగా ఉన్నాయి. ఎక్సైజువాళ్లు కల్లు డిపోల మీద దాడులు చేసి మత్తు మందు కలపకుండా ఆపిన ఆ రోజులవి లావు — అది నాకు గుర్తే, వార్డు నిండా వణికేవాళ్లు, గోడలతో మాట్లాడేవాళ్లు. తర్వాత మళ్లీ సన్నబడ్డాయి. ఆ తర్వాత... ఏడాదికేడాది లావెక్కుతూ వచ్చాయి. నిరుడుది నాడాకు అందలేదు, రెండు నాడాలు ముడేశాను.

జనం పెరిగారు, దవాఖానకు వచ్చేవాళ్లూ పెరిగారు, అందుకే అయి ఉంటుంది. నాకు నేనే చెప్పుకుని తాళం వేశాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పొద్దుపోయింది. అయినా రాయాలి.

మేడం మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని నా రూంలోనే తింది. తింటూనే కట్టలు తిప్పుతోంది. జనం పెరిగిన సంగతి చెప్పాను. నిజమే, అది లెక్కలోకి తీసుకోవాలి అని రాసుకుంది కూడా. తర్వాత తల ఎత్తి అడిగింది. "అక్కా, కల్లు తాగేటోళ్లు ఊర్లల్ల ఏటేటా తగ్గుతున్రు. మరి కల్లు మాని సచ్చేటోళ్లు ఎట్ల పెరుగుతున్రు?"

పదిహేనేళ్లు ఈ కాగితాలను వరుస పెట్టినదాన్ని నేను. ఈ ప్రశ్న నాకెందుకు రాలేదు!

వయసులు చూడమంది. పాత కట్టల్లో అరవైలు, యాభైలు — తాటి వనాల చుట్టూ బతుకంతా గడిపిన ముసలివాళ్లు. కొత్త కట్టల్లో ఇరవై ఆరు, ముప్పై ఒకటి, ఇరవై నాలుగు. డ్రైవర్లు. బోరు బండి వాళ్లు. బొంబాయి దిక్కు భీవండి నుంచి వచ్చిన మగ్గం పనివాళ్లు. వీళ్లు తాగితే బీరు తాగుతారు, కల్లు ఎక్కడిది?

మేడం చెప్పింది నాకు అర్థమైనంత మటుకు ఇది. కల్లులో కలిపే మందు మనిషిని పడుకోబెడుతుంది. అది ఆగితే చెమట, వణుకు, లేనివి కనబడటం. ఇప్పుడు తిరుగుతున్నది దానికి పూర్తిగా ఉల్టా రకం. మాత్రగా, పొడిగా, పటిక ముక్కల్లాగా వస్తుంది. నిద్ర రాకుండా, ఆకలి తెలియకుండా, మనిషిని పరిగెత్తిస్తుంది. పరిగెత్తించి గుండె మీద పడుతుంది. దానికీ చెమటే, వణుకే, పిచ్చిచూపులే. పైకి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లే.

మన సిద్దిపేటలో చెమటతో వణికే మనిషిని స్ట్రెచర్ మీద తెస్తే ఎవరైనా అడిగే మొదటి మాట — కల్లు బంద్ పెట్టిండా? డాక్టరూ అదే, నర్సూ అదే, గేటు దగ్గర వాచ్‌మెనూ అదే. వెంట వచ్చినవాళ్లు తలూపుతారు. కాగితం మీద పడుతుంది. అక్కడితో సరి. ఇంకే పరీక్షా ఉండదు. వేరే ఊళ్లో అయితే ఇంత తేలిగ్గా సరిపెట్టేవాళ్లు కాదేమో. మనకు తెలిసిన జబ్బు ఒకటి ఉంది కాబట్టి తెలియనిదాన్ని దాని కిందే తోసేశాం.

"అన్నీ అవే అంటలేనక్కా" అని కూడా అంది మేడం. కొన్ని కావచ్చు, కొన్ని కాకపోవచ్చు. రక్తం దాచలేదు, మూత్రం చూడలేదు. ఉన్నవి కాగితాలే.

నాకు మాత్రం బల్ల మీద కట్టలు కాగితాల్లాగా కనబడటం మానేశాయి.

ఫిబ్రవరి 7

2019 కట్ట విప్పలేదు. విప్పను.

ఫిబ్రవరి 8, ఆదివారం

కొమురవెల్లికి పోయే బస్సులు, ఆటోలు. పసుపు పూసుకున్న ముఖాలు, డోలు చప్పుడు మా గల్లీ చివరి దాకా. అవ్వ లేచి వీధి తలుపు వేసింది. ఏ ఆదివారమైనా ఇంతే, మల్లన్న జాతర అయ్యేదాకా.

తమ్ముడు శ్రీను పోయిన తర్వాత అవ్వ నా దగ్గరికే వచ్చింది. ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఒక్కసారీ కొమురవెల్లి గడప తొక్కలేదు. అంతకుముందు ఏటా బోనం తీసుకుపోయిన మనిషి.

శ్రీను భీవండి నుంచి వచ్చిన ఆ మాఘమాసం... సంబంధం వచ్చింది. పిల్లవాడు కల్లు తాగుతాడట గదా అని పిల్ల తరపువాళ్లు ఊగిసలాడారు. అవ్వ వాడిని గుడికి తీసుకుపోయి, మల్లన్న ముందు పసుపు బండారి చేతిలో పోసి ఒట్టు వేయించింది. కల్లు ముట్టను అని. వాడు నవ్వుతూనే వేశాడు. ముట్టలేదు కూడా. ఐదో రోజు పోయాడు.

ఒక్కసారిగా మాన్పిస్తే ఇట్లాగే అవుతుందని అందరూ అన్నారు. మెల్లమెల్లగా తగ్గించాల్సింది అన్నారు. పీనుగ ఇంట్లో ఉండగానే అన్నారు. అప్పటి నుంచి గల్లీలో ఎవరింట్లో తాగేవాడున్నా అవ్వ పనిగట్టుకుని పోయి చెప్పి వస్తుంది, "ఒక్కపారి బంద్ పెట్టియ్యకున్రి, నా కొడుకును నేనే గట్ల సంపుకున్న" అని. ఆ మాట చెప్పేటప్పుడు ఏడవదు. నీళ్ల బిల్లు గురించి చెప్పినట్టు చెబుతుంది. వినలేక నేను లోపలికి పోతాను.

ఫిబ్రవరి 9, సోమవారం

విప్పాను.

నాలుగు కాగితాలు. చింతకింది శ్రీనివాస్, ఇరవై ఏడు. జ్వరం గడిలో నూట ఆరు అని రాసి దాని చుట్టూ గీత. నాడి గడిలో అంకె కొట్టేసి మళ్లీ రాశారు, నమ్మలేక కాబోలు. కింద, కారణం — కల్లు మానడం వల్ల, ఐదు రోజులు.

దాని పక్కన చిన్న గడి. చెప్పినవారు: అక్క.

పేరు లేదు. అక్క. అంతే.

నేల మీద కూర్చుండిపోయాను. ఆ కాగితాన్ని ఆ కట్టలో పెట్టి నాడా వేసింది కూడా నేనే అయి ఉండాలి. పెట్టాను, చూడలేదు.

ఫిబ్రవరి 9, మళ్లీ

నిద్ర రాక రాస్తున్నది కాదు, రాయక తప్పదు.

ఆ ఐదు రోజులు అవ్వ ఇంట్లో ఏం చూశాను? రాస్తాను. వాడు మూడు రోజులు పడుకోలేదు. సీలింగ్ ఫ్యాన్ విప్పి రెక్కలు తుడిచి బిగించాడు, మళ్లీ విప్పాడు. పళ్లు పటపట కొరుకుతున్నాడు. అన్నం ముందు పెట్టుకుని కలిపి కలిపి లేచిపోయాడు. నాలుగో రోజు ఎడమ చెయ్యి గుంజుతుంది అక్కా అన్నాడు, మగ్గం పని చేసిన చెయ్యి గదా అనుకున్నాను. ఐదో రోజు పొద్దున ఒళ్లు పెనంలాగా ఉంది. ఆటోలో నా ఒళ్లో తల పెట్టి ఎవరితోనో హిందీలో గొడవ పడుతున్నాడు.

కాజువాలిటీలో అడిగారు. కల్లు బంద్ పెట్టిండా? ఆఁ సార్, ఐదు రోజులైంది అన్నాను. ఇక్కడ పనిచేసే అమ్మే, ఆమెకు తెలుసు అని ఆ డాక్టరు వెంటనే రాసుకున్నాడు.

నాకు తెలియదు అని ఈ డైరీలో రాసుకోగలిగితే ఎంత బాగుండు. తెలుసు. అంతకు రెండేళ్ల ముందే రాఖీకి వచ్చినప్పుడు వాడే చెప్పాడు. "పన్నెండు గంటల పాలి డ్యూటీ అక్కా. గోలీ ఏసుకుంటే కన్ను మూతవడది. అందరు ఏసుకుంటరు." నేనేమన్నాను? మంచిగా తిను అన్నాను. దవాఖాన ఉద్యోగిని! ఆ మాట ఐదో రోజు పొద్దున నాకు గుర్తు రాలేదా... వచ్చింది. వచ్చి, గోలీ సంగతి నలుగురిలో ఎట్లా చెప్పను, పెళ్లి సంబంధం ఉన్న పిల్లవాడు అనుకున్నాను. కల్లు అంటే ఎవరికీ సిగ్గు లేదు. కల్లు అన్నాను.

ఫిబ్రవరి 10

మేడం 2019 కట్ట అడిగింది. ఇచ్చాను, శ్రీను షీటు తీసేసి. అది నా బ్యాగులో ఉంది. ఈ ఉద్యోగంలో ఒక్క కాగితం ఇంటికి తెచ్చి ఎరగను. ఇది మొదటిది.

ఫిబ్రవరి 11, బుధవారం

పదకొండు గంటలకు కాజువాలిటీలో పాత రిజిస్టరు తీసుకోవడానికి పోయాను. స్ట్రెచర్ మీద ఒకడు, ముప్పై ఉండదు. నలుగురు పట్టుకుంటే ఆగడం లేదు. దవడలు అదే పనిగా ఆడుతున్నాయి. నర్సు అడుగుతోంది, కల్లు బంద్ పెట్టిండా అని. రాయపోల్ దిక్కు నుంచి వచ్చారట, భార్య తలూపుతోంది. పెన్ను కాగితం మీదికి పోతోంది.

నేను అరిచాను. నాకే తెలియకుండా. అది రాయకండి అన్నాను. అందరూ నావైపు తిరిగారు, రికార్డుల ఆమెకు ఇక్కడేం పని అన్నట్టు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఎన్ని రోజులైందమ్మా నిద్రపోయి అని అడిగాను.

"బోరు బండి మీద పోయిన కాంచి పండలేడక్కా. ఆరు దినాలాయె" అంది. కల్లు సంగతి మళ్లీ అడిగాను. ఎప్పుడో పండుగకు తాగుతాడట. మరి ఎందుకు తలూపావు అంటే, అడిగితే ఊపిన అంది.

అడిగితే ఊపింది. నేనూ అంతే గదా.

హర్షిత మేడం పరిగెత్తుకు వచ్చింది. నుదురు మీద చెయ్యి పెట్టి ఐసు, తడి దుప్పట్లు, ఏదో ఇంజక్షన్ అని కేకలు. గంటన్నరకు వాడు భార్యను పేరు పెట్టి పిలిచాడు. తర్వాత అంబులెన్సులో హైదరాబాదు పంపారు. మాట్లాడుతూనే బండెక్కాడు.

బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చాను. తడి దుప్పట్లు. ఇంతేనా? ఆ రోజు నేను ఒక్క మాట చెప్పి ఉంటే వీళ్లు చేసేది ఇదేనా?

ఫిబ్రవరి 12, గురువారం

బ్యాగులోంచి తీసి మేడం ముందు పెట్టాను. ఇంటి పేరు వేరు కాబట్టి ఆమెకు అర్థం కాలేదు. చిన్న గడి మీద వేలు పెట్టి, ఈ అక్కను నేనే అన్నాను.

నిన్నటి కేసులో అంత సరిగ్గా ఎట్లా అడిగానో ఆమెకు అప్పుడు తెలిసింది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. అడిగినవాళ్లు ఒక్కటే అడిగారు, మీరు దానికే జవాబు చెప్పారు అంది. నాకు ఆ ఓదార్పు ఎక్కలేదు. గోలీ సంగతి మొత్తం చెప్పాను.

ఆమె తయారు చేసుకున్న ఫారం ఉంది. ప్రతి కేసుకూ ఒకటి. గోలీ వల్లేనా అన్నదానికి ఖాయం, కావచ్చు, కాదు — మూడింట్లో ఒకదానికి టిక్కు. శ్రీనుకు ఖాయం అని పెట్టడానికి లేదట, పరీక్ష లేదు గనక. కావచ్చు అని పెట్టాలన్నా ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న ఇంకొకరు కూడా చూసింది చెప్పాలి. ఒక్కరి మాట మీద ఇంతకాలం నడిచింది చాలు అంది. నిజమే.

ఇంట్లో ఉన్న ఇంకొకరు అంటే అవ్వ.

ఫిబ్రవరి 14

ఆయనకు చెప్పాను. మా ఆయన ఏ సంగతైనా నిదానంగా నమిలి గానీ మాట్లాడడు. ఈసారి వెంటనే అన్నాడు. "చెప్పు. ఏడేండ్ల సంది మోస్తుంది ముసల్ది. జెర దిగుతది."

నాకూ అదే అనిపిస్తోంది. అవ్వ ఒట్టు వేయించినందుకు కాదు వాడు పోయింది. ఆ ఒక్క మాట ఆమె చెవిన పడితే చాలు. కొడుకు మీద మచ్చ పడుతుంది, పడనీ. నా మీదా పడుతుంది. దవాఖానలో అబద్ధం చెప్పింది నువ్వా అంటుంది. అననీ. నిజానికి అనాలనే ఉంది నాకు.

రేపు శివరాత్రి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

చెప్పాను.

అవ్వ ఒక్కపొద్దుంది, వాకిట్లో చిలగడదుంపలు కడుగుతోంది. పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పాను. కట్టలు, బోరు బండి మనిషి, గోలీ, చిన్న గడి, అక్క. నేను దాచింది దాచినట్టు చెప్పాను. అవ్వ నా వైపు చూడలేదు. దుంపలు కడగడం ఆపలేదు.

కడగడం అయిపోయాక అడిగింది. "గా గోలీ ఏసుకుంటే నిద్ర రాదంటివి?"

రాదు అన్నాను.

"ఎన్ని దినాలకు గూడ రాదా?"

దానంతట అది రాదు, మూడు నాలుగు రోజులైనా రాదు, అట్లా నిలబెట్టే గుండెను చంపుతుంది అన్నాను. అందుకే చెబుతున్నా అవ్వా, నీ ఒట్టుకూ దానికీ సంబంధం లేదు అన్నాను. ఆ మాట కోసమే ఇదంతా.

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. మెల్లగా, ఒక్కో వేలు.

"భీవండి నుంచి అచ్చిన్నాడు గూడ పండలే వాడు. మర్నాడు పండలే. గా పొద్దుకు కల్లు మండువకు వోయి తాగొచ్చి పండుకున్నడు. రెండు పూటలు లేవలే. రోజు గంతే. తాగితేనే పండుడు." దుంపలు గంపలోకి ఎత్తింది. "వానికి గదొక్కటే నిద్ర తెచ్చుడు బిడ్డా. గదాన్నే నేను ఇడిపిచ్చిన."

ఇంత చదువుకున్న మేడంకు తట్టలేదు. పదిహేనేళ్లు కాగితాలు తిప్పిన నాకు తట్టలేదు. వాడు తాగింది తాగుడు కోసం కాదు, ఆ గోలీ నుంచి కిందికి దిగడానికి. మెట్టు తీసేశాం. మేమంతా కలిసి. అవ్వ ఒట్టు వేయించింది, నేను మంచి పని చేశావు అన్నాను, వాడు నవ్వి ఊరుకున్నాడు.

బరువు దించుదామని పోయాను. రెండింతలు చేసి వచ్చాను.

లోపలికి పోతూ గడపలో నిలబడి అంది. "మీ మేడంను ఒక్కటడుగు. తాగనిస్తే బతుకుతుండెనా అని."

ఫిబ్రవరి 16

మేడం ఓపీలో ఉంది. రెండుసార్లు పోయి వెనక్కి వచ్చాను.

అవ్వ నిన్నటి దుంపలు ముట్టలేదు. ఒక్కపొద్దు విడవలేదు. ఆయన బతిమాలితే టీ నీళ్లు తాగింది.

ఫిబ్రవరి 17, మంగళవారం

అడిగాను.

మేడం పెన్ను కింద పెట్టింది. కొత్త కట్టల్లో ఎంతమంది ఇట్లా కల్లుతో నిద్ర తెచ్చుకున్నవాళ్లు ఉన్నారో అని తనలో తాను అనుకున్నట్టు అంది. మళ్లీ మొదటి నుంచి చూడాలి అంది. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదట, ఆమె తయారు చేసినదాంట్లో కూడా. ఒక్కొక్కరికి మేలే అయి ఉండొచ్చు, ఒక్కొక్కరిని అదీ ఇదీ కలిసి ఇంకా తొందరగా చంపి ఉండొచ్చు అంది. మరి శ్రీనుకు మేడం, అన్నాను.

"తెల్వదక్కా. ఎవ్వరం చూడలే."

అంతే చెప్పగలిగింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండు అని మొదటిసారి కోపం వచ్చింది. బతికేవాడు కాదు అమ్మా అని ఒక్క మాట. కాగితం మీద అక్కర్లేదు, నోటితో చాలు. నేను కూడా ఆ మాట కల్పించుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. బస్టాండు నుంచి ఇంటి దాకా నడుస్తూ ఆ మాటే తయారు చేసుకున్నాను. మేడం చెప్పింది అవ్వా, బతికేవాడు కాదట. నాలుగైదుసార్లు అనుకున్నాను. సాఫీగానే వస్తోంది. ఒకసారి చెప్పిన నోరే గదా.

అవ్వ వీధి తలుపు తీసి మెట్టు మీద కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఏమన్నది బిడ్డా?"